సాక్ష్యమే గాని వాక్యం కాదు

దేవుడు చూస్తుండగా, పిల్లి తప్ప ఇంకెవరూ గదిలో లేని సమయం చూసుకుని, యార్క్‌షైర్ పడమటి సీమలోని ఓటర్‌క్లఫ్ గ్రామ కాపురస్తురాలిని, కీర్తిశేషులు ఏబెల్ మిడ్జ్‌లీ గారి కుమార్తెను, అవివాహితను, దారాలూ కొవ్వొత్తులూ అమ్ముకుని బతికినదానిని అయిన కెజీయా మిడ్జ్‌లీ అను నేను, నా స్వహస్తాలతో రాసుకుంటున్న కడపటి వీలునామా ఇది. ఇంతకుముందు నేను రాసినదని చెప్పి ఎవరైనా ఇంకో కాగితం తెచ్చి చూపిస్తే అది నాది కాదు.

నా శరీరం బాగాలేదు, బుద్ధి బాగుంది. ఈ మాట అందరి వీలునామాల్లోనూ ఉండేదేనని వకీలు థ్వెయిట్ గారు చెప్పారు. నా విషయంలో మాత్రం దీనికి రుజువు కూడా కావాలి. ఎందుకంటే నా మేనల్లుడు జోనాస్ మిడ్జ్‌లీ గుడ్డల సంతలో నిలబడి, "మా అత్తకి ఈ మధ్య కాస్త అటూ ఇటూ అవుతోందండీ, పాపం" అని కనపడ్డవాడికల్లా చెబుతున్నాడు. రుజువు ఇదిగో. నిన్న అతను నాకు కోడిరసం పంపించాడు. ఎన్నడూ ఎండు రొట్టెముక్కయినా పంపనివాడు పంపించాడు. ముందు పిల్లికి పోశాను. పిల్లి బతికే ఉంది. అయినా నేను తాగలేదు. మతి చలించిన మనిషి ఇంత జాగ్రత్త పడుతుందేమో చదివేవాళ్ళే చెప్పాలి.

పెళ్ళయిన ఆడదానికి మొగుడు ఒప్పుకోందే వీలునామా రాసే హక్కు మన దేశంలో లేదు. వయసులో ఉండగా ఇద్దరు వచ్చి నన్ను అడిగారు. ఇద్దరినీ మర్యాదగానే పంపేశాను. అప్పుడు అందరూ పొగరన్నారు గాని, ఇవాళ కలం పట్టుకుంటే అది ఎంత మంచి పనో తెలుస్తోంది.

ఒకటో నిబంధన. నా శరీరమూ, నా కడపటి మాటలూ.

నన్ను రేచల్ హోల్డెన్ పక్కన పాతిపెట్టాలి. రేచల్ ఎవరో ఇప్పటివాళ్ళకి తెలియదు కాబట్టి రాస్తున్నాను. రాతిగనుల దగ్గర, జీతాల రోజున మగవాళ్ళు తాగి తన్నుకునే చోట, గుర్రం ఎక్కే రాయి మీద నిలబడి ఆమె దేవుని సంగతి మాట్లాడేది. తాగినవాళ్ళు టోపీలు తీసి ఏడవడం నేను కళ్ళారా చూశాను. ఆమె పోయాక మా మెథడిస్టు సమాజం పత్రికలో అచ్చయినది చదివాను. ఆమె శాంతస్వభావురాలట. ఇంటిపనిలో నమ్మకస్తురాలట. గొర్రెపిల్లలా కన్నుమూసిందట. రాయి సంగతి లేదు, గనుల సంగతి లేదు. శాంతస్వభావమా! ఒకసారి బూటు విప్పి గని మేస్త్రీ మీదికి విసిరింది, అది తగిలింది కూడాను.

మా వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోతున్నదంటే మంచం చుట్టూ చేరి కడపటి సాక్ష్యం అడుగుతారు. "ప్రభువు దగ్గరున్నాడా సిస్టర్? నోరు రాకపోతే చెయ్యెత్తండి చాలు" అంటారు. చెయ్యెత్తితే దాని మీద రెండు పేజీలు రాసుకుంటారు. ఇప్పుడు మాకున్న అయ్యగారు, అంటే మందిరం బోధకుడు, ఎలైజా క్రాబ్‌ట్రీ నా కడపటి సాక్ష్యం ఎప్పుడు దొరుకుతుందా అని ఇప్పటికే మూడుసార్లు కబురు పెట్టారు. ఇంత ఆత్రం నాకు నచ్చలేదు. నేను చెయ్యెత్తితే, "ఆడది జనంలో నోరెత్తడం తప్పని సోదరి ఒప్పుకుంది" అని రాస్తారని నా అనుమానం. కాబట్టి ముందే చెబుతున్నాను. నా చెయ్యి పైకి లేస్తే దుప్పటి సర్దమని అర్థం. నా కడపటి మాటలు ఈ కాగితంలో ఉన్నవే, ఇంకెవరు ఏం విన్నామన్నా అవి వాళ్ళ మాటలు.

రెండో నిబంధన. నా సమాధి కూడికలో చెప్పవలసిన వాక్యం.

మాలో ఆడది సాక్ష్యం చెప్పవచ్చు గాని వాక్యం చెప్పకూడదు. దేవుడు నాకేం చేశాడో చెబితే అది సాక్ష్యం. బైబిలు తెరిచి, ఫలానా అధ్యాయం ఫలానా వచనం అని చదివి దాన్ని విప్పి చెబితే అది వాక్యం. నేను వయసులో ఉండగా మాకున్న అయ్యగారు మెత్తనివాడు. "నువ్వు మాట్లాడు సిస్టర్, జనం వింటున్నారు, నేను ఆపను. వాక్యం మటుకు తీసుకోకు తల్లీ, పైవాళ్ళు నన్ను నమిలేస్తారు" అన్నాడు. దాంతో రేచలూ నేనూ ఒక విద్య నేర్చుకున్నాం. ప్రసంగపీఠం ఎక్కం, దాని కింది మెట్టు మీద నిలబడతాం. పుస్తకం తెరవం, అంతా నోటికి వచ్చు. అధ్యాయం పేరెత్తం, "నిన్న పాలు కాస్తుంటే ఒక మాట తగిలిందమ్మా" అని మొదలుపెడతాం. ఆ మాట ఏ వచనమో వినేవాళ్ళందరికీ తెలుసు. అలా నా జీవితమంతా సాక్ష్యమే చెప్పాను. ఒక్క వాక్యం కూడా చెప్పలేదని ప్రమాణం చేయగలను, నవ్వు ఆపుకోగలిగితే.

కిందటేడు మగ బోధకులందరూ మహాసభలో కూర్చుని, ఆడవాళ్ళు జనంలో మాట్లాడటం ఇక అక్కర్లేదని తీర్మానించారు. మాట్లాడి తీరాలనుకునేవాళ్ళు ఆడవాళ్ళ మధ్యనే, అనుమతి తీసుకుని మాట్లాడాలట. మందిరం ధర్మకర్తల్లో మా జోనాస్ ఒకడు గనుక ఆ తీర్మానం చదివే పని అతనిదయింది. గొంతు సవరించుకుని, నా వైపు చూస్తూ రెండుసార్లు చదివాడు. నా చెవులు అప్పటికి బాగానే ఉన్నాయి.

అయితే పోయేవాళ్ళకి మా వాళ్ళిచ్చే మర్యాద ఇంకొకటుంది. తన సమాధి కూడికలో ఏ వచనం మీద వాక్యం చెప్పాలో పోయే మనిషే చెప్పిపోవచ్చు. ఆడదైనా చెప్పవచ్చు. ఈ సందు మహాసభకి తట్టలేదు, మూయలేదు. కాబట్టి కెజీయా మిడ్జ్‌లీ అను నేను బతుకులో మొదటిసారి వాక్యం తీసుకుంటున్నాను. లూకా సువార్త చివరి అధ్యాయం. తెల్లవారుజామున ఖాళీ సమాధి చూసి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళ మాటల్ని శిష్యులు పిచ్చిమాటలని కొట్టిపారేసిన చోటు. ఇది రాసి, పిల్లి వినేలా రెండుసార్లు పైకి చదివాను.

అయ్యగారు ఈ వచనం తీసేసి, ఆడవాళ్ళు మౌనంగా ఉండాలనే వచనం పెట్టడానికి చూస్తారు. అలా జరిగితే కూడికకి వచ్చిన ఆడవాళ్ళందరూ లేచి ఇళ్ళకి పోవాలి. మగవాళ్ళకి టీ నీళ్ళు కూడా కాచి ఇవ్వకూడదు.

మూడో నిబంధన. ఇల్లు.

నా కష్టార్జితమైన ఇల్లు, కింద కొట్టు, పైన మేడగది, వెనక బొగ్గుల కొట్టంతో సహా, నాతో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న బట్టలుతికే విధవరాలు హెఫ్సిబా సట్‌క్లిఫ్‌కి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఈ సంగతి ఆమెకి తెలియదు. తెలియకూడదు కూడా.

ఆ మేడగదిలో గురువారం గురువారం ఆడవాళ్ళ క్లాసు జరుగుతుంది. క్లాసంటే బడి కాదు. వారమంతా ఎవరి ఆత్మ ఎలా తడబడిందో, ఎలా లేచిందో ఒకరికొకరు చెప్పుకునే కూడిక. దానికి నేనే పెద్దని. తీర్మానం వచ్చాక మగవాళ్ళు లోపలికి రావడం మానేశారు. మెట్ల మీద కూర్చుని వింటున్నారు. మెట్లు గది కాదు కాబట్టి తీర్మానం తప్పినట్టు కాదు. ఆ మేడగది జోనాస్‌కి కావాలి. మందిరం పనులకని అంటాడు గాని, కొలతలు తీసుకుంటున్నప్పుడు అతని కళ్ళలో నాకు కనపడింది ఉన్ని మూటలే.

క్లాసు పేరునే ఇల్లు రాసేదాన్ని. అలా సమాజాలకి ఇల్లూ నేలా వీలునామాలో రాస్తే చట్టం ఒప్పుకోదని థ్వెయిట్ గారు చెప్పారు. మనిషికే రాయాలి. ఆ మనిషికి రాసినదాంట్లో ఎక్కడ తప్పు దొర్లినా, వారసుడి లెక్కన ఇల్లు నేరుగా జోనాస్‌కి పోతుంది. అతనికి కావలసింది నా చావు కాదు, నా కాగితంలో ఒక తప్పు.

హెఫ్సిబా గురించి నా అనుమానాలు దాచను. ఆమెకి ఎవరికీ కాదనడం రాదు. అయ్యగారు ఏమన్నా "అలాగేనండి", జోనాస్ ఏమన్నా "అలాగే బాబూ". శుక్రవారం శుక్రవారం అయ్యగారి ఇంటికి బట్టలు ఉతకడానికి పోతుంది. గురువారం మేం మాట్లాడుకున్నది శనివారానికల్లా అయ్యగారికి ఎలా తెలుస్తోంది? ఒకసారి అడిగితే, "సబ్బు నురగలో నాకేం వినపడుతుందక్కా, ఏం చెబుతాను" అంది. అది జవాబు కాదు. అయినా ఇల్లు ఆమెకే ఇస్తున్నాను. గురువారాలు ఆగకూడదని ఆశపడుతున్నాను. ఆశ మీద చట్టం నడవదని నాకు తెలుసు.

నాలుగో నిబంధన. జోనాస్ మిడ్జ్‌లీకి వాళ్ళ నాన్న, అంటే మా అన్న, బట్ట మీద నూగు కత్తిరించిన పెద్ద కత్తెర. అటక మీద ఉంది. ఎత్తాలంటే నడుం విరుగుతుంది. ఇప్పుడు తోలు చేతిజోళ్ళు వేసుకుని తిరిగే మా మేనల్లుడు ఆ కత్తెర సంగతి పెద్దమనుషుల ముందు ఎత్తడు. దాన్ని ఇంటి నడవలో, నలుగురికీ కనపడేలా తగిలించుకోవాలి.

ఐదో నిబంధన. ప్రేమవిందులో అందరూ నీళ్ళు తాగే రెండు పిడుల గిన్నె గురువారం క్లాసు ఆడవాళ్ళది. నా సొమ్ముతో కొన్నాను. మందిరం గిన్నె అని ధర్మకర్తలు ఎవరో అంటారు, అననివ్వండి, గిన్నె మాత్రం ఇవ్వకండి.

ఆరో నిబంధన. గనిలో మందు పేలి చూపు పోయిన ముసలి జాబ్ షార్ప్‌కి నా ఈకల దిండు. మెట్ల మీద మొదట వచ్చి కూర్చునేది అతనే. ఇన్నేళ్ళలో నాతో ఒక్క మాట ఆడలేదు. వెళ్ళేటప్పుడు తలుపు చెక్కని చేత్తో తడిమి వెళతాడు. రాతిమెట్టు చలికాలంలో చాలా చల్లగా ఉంటుంది.

ఏడో నిబంధన. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత వకీలు థ్వెయిట్ గారిది. ఆయన మా సమాజం మనిషి కాదు, అందుకే పెట్టుకున్నాను. క్రాబ్‌ట్రీ అయ్యగారికి ఏమీ రాయడం లేదు. ఆయన దగ్గర లేనిది వినే చెవి ఒక్కటే, అది నేను ఇవ్వగలిగినది కాదు.

ఇంతవరకూ సోమవారం రాశాను. ఇవాళ మంగళవారం సంతకాలు కావలసింది, కాలేదు. ఎందుకు కాలేదో రాస్తేనే తక్కిన నిబంధనలు అర్థమవుతాయి.

ఇల్లు రాసే వీలునామాకి ముగ్గురు సాక్షులుండాలి. అందులో ఏదైనా దక్కేవాళ్ళు సాక్షి సంతకం పెడితే వాళ్ళకి రాసింది చెల్లదు. థ్వెయిట్ గారు ఇది నాకు రెండు మార్లు చెప్పారు. సాక్షులు ముగ్గురూ ఆడవాళ్ళే కావాలన్నది నా పంతం. సాక్ష్యం వరకే మా హక్కు అన్నారు గదా, ఆ హక్కునే వాడుకుందామనుకున్నాను. క్లాసులోంచి మెహిటబెల్ హోల్రాయిడ్‌ని, నాన్ ఆష్‌వర్త్‌ని, సుజానా గ్రీన్‌వుడ్‌ని పిలిచాను. మొన్న ఆదివారం మందిరంలో అయ్యగారు, "లోకసంబంధమైన తగాదాల్లో వేలు పెట్టేవాళ్ళ టిక్కెట్ల సంగతి ఈసారి ఆలోచిస్తాం" అన్నారు. మూడు నెలలకొకసారి ఆయన చేత్తో ఇచ్చే ఆ టిక్కెట్టు లేకపోతే మావాళ్ళకి కూడిక లేదు, ప్రేమవిందు లేదు. అది తెలిసీ ముగ్గురూ వచ్చారు.

పిలవని పేరంటానికి జోనాస్ కూడా వచ్చాడు. "నిన్ను చూసిపోదామనత్తా" అని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

సుజానా కలం పట్టుకుంది. పట్టుకుని ఏడ్చింది. "నా వల్ల కాదు కెజీయమ్మా. మా ఆయన నేసే మగ్గం జోనాస్ బాబుగారిది. పొద్దున్నే మనిషిని పంపారు. పిల్లలు గలదాన్ని, నన్ను ఏమనుకోకు" అంది.

జోనాస్ నాలిక చప్పరించాడు. "అయ్యో, దానికేముందత్తా? ఇంట్లో హెఫ్సిబా ఉందిగా. ఇరవై ఏళ్ళ మనిషి, అంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది? రామ్మా హెఫ్సిబా, పెట్టు" అన్నాడు. తేనె పూసిన కత్తి అంటారే, అలా ఉంది ఆ గొంతు. ఇల్లు ఎవరికి రాశానో అతను ఊహించాడు. సుజానాని బెదిరించింది ఇందుకేనని నాకు అప్పుడు వెలిగింది.

హెఫ్సిబా చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది. "ఇటివ్వక్కా, నేను పెడతాను. నా టిక్కెట్టు చింపితే చింపనీ. పరలోకం గుమ్మంలో టిక్కెట్టు చూసి పంపుతారా ఏంటి?" అంది. జోనాస్ మొహం మీదే అంది. ఎవరికీ కాదనలేని హెఫ్సిబా అంది.

నేను ఆమె చేతిలోంచి కలం లాక్కున్నాను. సిరా దుప్పటంతా ఒలికింది. ఆమె మొహం చూడలేకపోయాను. "నా మీద ఇంకా అనుమానమేనా అక్కా? ఇన్నేళ్ళూ నీ ఉప్పు తిని, నువ్వు నేర్పిన పేరు నీ కాగితం మీద రాయడానికి కూడా పనికిరానా?" అని కిందికి వెళ్ళిపోయింది. జోనాస్ కిటికీ వదిలి, వస్తానని కూడా అనకుండా పోయాడు. నేను పిలిచి ఆమెకి చెప్పవచ్చు. చెబితే, ఇల్లు నాకెందుకక్కా అని మొండికేస్తుంది, రేపు సంతకాలప్పుడు ఏడ్చి అందరికీ తెలిసేలా చేస్తుంది. అందుకని చెప్పలేదు.

హెఫ్సిబా, ఇది నీకు చదివి వినిపించేనాటికి నేనుండను. నువ్వు సంతకం పెట్టి ఉంటే ఈ ఇల్లు నీకు దక్కేది కాదు. కలం లాక్కున్నది అందుకు. నువ్వంటే నాకు ప్రాణం. అనుమానం చెప్పినంత సులువుగా ఈ మాట నాకు ఎన్నడూ నోటికి రాలేదు. శుక్రవారాల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అక్కడికి వచ్చాక నువ్వే చెబుదువుగాని.

ఎనిమిదో నిబంధన. సుజానా గ్రీన్‌వుడ్ సాక్షి కాలేదు కాబట్టి ఇప్పుడు ఆమెకి ఏదైనా రాయవచ్చు. నా గోధుమరంగు ఊలు శాలువా ఆమెకి. భయపడిన మనిషికి చలి ఎక్కువ వేస్తుంది.

తొమ్మిదో నిబంధన. మూడో సాక్షి.

మెహిటబెల్, నాన్ రేపు పొద్దున మళ్ళీ వస్తామన్నారు. వాళ్ళు మాట తప్పరు. మూడో మనిషి లేదు. ఊళ్ళో సగం మగ్గాలు జోనాస్‌వి, తక్కిన సగం టిక్కెట్టు భయం. జాబ్‌కి చూపు లేదు, చూపు లేనివాడి సాక్ష్యం చెల్లదు. థ్వెయిట్ గారు వచ్చే వారం గాని రారు. వచ్చే వారానికి నేను ఉంటానని నా ఊపిరి పూచీ ఇవ్వడం లేదు.

రేపు పొద్దున క్రాబ్‌ట్రీ అయ్యగారు పక్క ఊరినుంచి గుర్రం మీద నేరుగా ఇక్కడికే వస్తున్నారు, నా కడపటి సాక్ష్యం రాసుకోవడానికి. జోనాస్ తెల్లవారకుండానే దూరపు సంతకి పోతున్నాడు, ఇద్దరూ కలుసుకోరు. ఇల్లు మందిరానికే వస్తుందని జోనాస్ ఆయనతో ఎప్పుడో చెప్పి ఉంచాడు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆయన నన్ను అడగలేదు. ఆడదాన్ని అడిగి తెలుసుకునే అలవాటు ఆయనకి లేదు. సాక్షి చూడవలసింది నా సంతకమే, లోపల రాసింది చదవనక్కర్లేదు.

ఆయనతో, "అయ్యగారూ, ముందు మీ సంతకం, తరవాత నా సాక్ష్యం" అంటాను. పెట్టకపోతే గోడ వైపు తిరిగి పడుకుంటాను, పత్రికకి ఒక్క ముక్క దొరకదు. పెడితే మాత్రం, నాకు మతి లేదని రేపు ఎవరైనా అనాలంటే ముందు తమ అయ్యగారిని అబద్ధీకుడని అనాలి. నమ్మినవాళ్ళు ఎలాగూ నా పక్షం మాట్లాడతారు, వాళ్ళ సాక్ష్యానికి విలువెంత? నేను బొత్తిగా నమ్మని మనిషి సాక్ష్యమే నాకు కావాలి. ఆయన ఇన్నాళ్ళూ వాక్యమే చెప్పారు, ఒక్కసారి సాక్ష్యం చెప్పడం ఎలా ఉంటుందో ఆయనకీ తెలియనివ్వండి.

పై తొమ్మిది నిబంధనలూ నా ఇష్టపూర్వకంగా రాసినవే, కొట్టివేతలు లేవు, సిరా మరకలు దుప్పటివే గాని కాగితానివి కావు. దీనికి ఒప్పుకుని, క్రీస్తు శకం 1804 నవంబరు 21, బుధవారం పొద్దున, నా మంచం మీద కూర్చుని చేసిన సంతకం:

కెజీయా మిడ్జ్‌లీ

ఆమె మా ఎదుట సంతకం చేయగా, ఆమె కోరిక మీద, ఆమె చూస్తుండగా మేము చేసిన సాక్షి సంతకాలు:

1. మెహిటబెల్ హోల్రాయిడ్

2. నాన్ ఆష్‌వర్త్, ఆమె పెట్టిన గుర్తు ×

3. ఎలైజా క్రాబ్‌ట్రీ, బోధకుడు. ఈ సోదరి పూర్తి తెలివితో ఉన్నదనీ, తాను చెప్పేది ఎరిగి చెబుతున్నదనీ నేను సాక్ష్యమిస్తున్నాను.